అర డబ్బా వాంతి పొడి

ఆర్డిత్ కుచెరాకు అసహ్యం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. పందుల కొట్టం పక్కనే పుట్టి పెరిగిన మనిషి. తండ్రికి నాలుగొందల పందులుండేవి. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే మోకాలిలోతు రొచ్చులోకి దిగి, ఈనలేక అవస్థపడుతున్న పందికి పురుడు పోసిన చేతులవి. అప్పుడు ముక్కు కూడా చిట్లించలేదు. నెబ్రాస్కా రాష్ట్రంలో మా ఆల్డర్ బెండ్ హైస్కూల్లో ఊడ్చి తుడిచే పనిలో చేరాకే డోకు అంటే ఏమిటో తెలిసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమెది ఒకటే మాట: "పందులే నయం. పడుకునే చోటు పాడుచేసుకోవు."

పొడుగు మనిషి, ఎముకల గూడు, నడుముకు తాళాల గుత్తి. మొగుడు లైల్ ధాన్యం లారీ నడిపేవాడు, ఆరేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. పిల్లలు కలగలేదు. ఎవరైనా అయ్యో పాపం అన్నట్టు "పిల్లల్లేరా?" అంటే, "ఎందుకు లేరు, ఏడాదికి ఆరొందలమంది. ఒక్కడికీ ముక్కు తుడుచుకోవడం రాదు" అనేది.

ఆ ఆరొందలమంది చేతుల కింద నలిగినవే బడి ల్యాప్‌టాప్‌లు. పగలంతా తరగతుల్లో వాడి, సాయంత్రం ఇనపబండిలో పెట్టి తాళం వేస్తారు, ఇళ్ళకివ్వరు. నాలుగేళ్ళయ్యాక పాతవి తీసేసి కొత్తవి తెస్తారు. ఆ పాతవాటిని ఏం చేసేవారనుకున్నారు? అట్టపెట్టెల్లో కుక్కి, బడి వెనక పెద్ద చెత్తతొట్టిలో పడేసేవారు. పడేసే చేతులు ఆర్డిత్‌వే. మూడేళ్ళ కిందట ఒక మంచు రోజు ఆమె అలా ఎత్తి పోస్తుంటే, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి చూసింది. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే గ్వాటెమాలా వాళ్ళ పిల్ల, హెయిడి త్సోక్. ఆర్డిత్ ఇంటికి ఎదురుగానే వాళ్ళ రేకుల ఇల్లు.

"అవెందుకు పారేస్తున్నారు మిస్ ఆర్డిత్?"

"పాతవటే."

"మా ఇంట్లో అన్నీ పాతవే. మమ్మల్ని కూడా పారేస్తారా?"

ఆర్డిత్ చేతిలో పెట్టె చేతిలోనే ఆగిపోయింది. తర్వాత తొట్టిలోకి తనే దిగి, అంతకుముందు వేసినవి కూడా పైకి తీసింది. అలా మొదలైంది పాత పెట్టెల క్లబ్బు. ల్యాప్‌టాప్‌ని పెట్టె అనడం ఆర్డిత్‌తోనే మొదలై, పిల్లలకూ అంటుకుంది. సైన్సు మాస్టారొకాయన ఏడాదిపాటు పిల్లలకు విప్పడం, బిగించడం, లోపలున్నదంతా చెరిపి కొత్త ప్రోగ్రాం ఎక్కించడం నేర్పి, ఎక్కువ జీతమిస్తామంటే ఒమాహా వెళ్ళిపోయాడు. పిల్లలు ఒంటరిగా గదిలో ఉండకూడదు, బడి ఉద్యోగి అయిన పెద్దమనిషి ఒకరు ఉండాలని రూలు. పైసా రాని పనికి ఏ టీచరూ ముందుకు రాలేదు. "నేను ఉద్యోగినే, నాకు అరవై రెండేళ్ళు. ఇంకెంత పెద్దదాన్నవాలి?" అంది ఆర్డిత్. రూలు పుస్తకం తిరగేసి చూశారు, కాదనడానికి ఒక్క ముక్క దొరకలేదు.

బాయిలర్ గది పక్కన పాత టైపింగ్ గదిలో, బుధవారం, శుక్రవారం బడి వదిలాక వాళ్ళ పని. లోపలి సంగతులు ఆమెకు తెలియవు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆమె పనల్లా కడగడం. ప్లాస్టిక్ చెంచాతో ఒక్కొక్క మీటా పైకి లేపి, పాత పళ్ళ బ్రష్షు స్పిరిట్లో ముంచి తోమేది. ఆ మీటల కింద ఏముండేవో చెప్పమంటారా? నమిలిన బబుల్ గమ్ము. కొరికి ఊసిన గోళ్ళు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు. ఒకసారి ఒక పాలపన్ను. హైస్కూలు పిల్లాడి పెట్టెలోకి పాలపన్ను ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. అన్నిటికంటే ఎక్కువ దాల్చినచెక్క రోల్ మీది చక్కెర పాకం. బడిలో చిల్లీ, అంటే మాంసమూ చిక్కుళ్ళూ వేసిన కారం పులుసు, వండిన రోజు దాని పక్కన ఆ రోల్ పెట్టకపోతే మా నెబ్రాస్కా పిల్లలు భోజనమే పెట్టలేదంటారు. ఆ వేళ్ళు నాక్కుని, ఆ వేళ్ళతోనే మీటలు నొక్కుతారు.

"ఛీ! ఛీఛీ! వీడెవడో గానీ వేళ్ళు నాకాడో మీటలే నాకాడో!" అని ఆర్డిత్ అరిచేది.

"పేరు రాసుంది మిస్ ఆర్డిత్, చెప్పమంటారా?" అనేవాడు అబ్షీర్. సోమాలీ కుర్రాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, వేళ్ళు మాత్రం కంసాలి వేళ్ళు.

"వద్దురా. వాడి మొహం చూసినప్పుడల్లా డోకొస్తుంది. ఇంకా రెండేళ్ళు చూడాలి వాణ్ణి."

అలా తిట్టుకుంటూ, తోముకుంటూ మూడేళ్ళలో వందకు పైగా పెట్టెలు ఇళ్ళు చేర్చారు. ఏ ఆర్భాటమూ లేదు. పిల్లలే సంచిలో పెట్టుకుని వెళ్ళి తలుపు తట్టి ఇచ్చేవారు, ఎలా తెరవాలో చూపించి వచ్చేవారు.

ఈ ఏడాది ఆ సంగతి డాక్టర్ గార్లండ్ పైపర్ చెవిన పడింది. అక్కడినుంచే కంపు మొదలు.

పైపర్ మా జిల్లా బడులన్నిటికీ రెండో అధికారి. పేరుకు ముందు డాక్టర్ ఉంటుంది గానీ, వేలికి ముల్లు గుచ్చుకుంటే తీయలేడు. పళ్ళు తెల్లన, బూట్లు నల్లన, చేతిలో ఎప్పుడూ ఫోను. బీదవాళ్ళకు కంప్యూటర్లిస్తున్నారని విని ఆయన కళ్ళు మెరిశాయి. బీదవాళ్ళను తలుచుకుని మాత్రం కాదు. ఒక ట్రాక్టర్ల షాపువాణ్ణి ఒప్పించి బ్యానరు, టీషర్టులు, ఉచిత చిల్లీ ఏర్పాటు చేశాడు. అక్టోబరు చివరి శుక్రవారం ఫుట్‌బాల్ ఆట మధ్య విరామంలో, మైదానం నడుమ, ఊరంతా చూస్తుండగా పద్దెనిమిది కుటుంబాలకు పద్దెనిమిది పెట్టెలు! పిల్లలు చేసిపెట్టిన పెట్టెల్ని రెండు వారాల ముందే తన ఆఫీసుకు తెప్పించుకుని తాళం వేయించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆ పద్దెనిమిదిలో ఒకటి హెయిడి తల్లి కాండెలారియాకు రావాలి. ఆ ఒక్క పెట్టె సంగతి ఆర్డిత్‌కు మిగతా పదిహేడింటి కన్నా ఎక్కువ పట్టింది. ఎందుకో చెబుతాను.

కాండెలారియా మాంసం ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా కత్తి పట్టుకుని నిలబడుతోంది. గొలుసు మీద పంది వస్తుంది, కోయాలి, మరొకటి వస్తుంది. ఏడాదిగా ఆమె కుడిచేతి వేళ్ళకు స్పర్శ పోతోంది. వేసవిలో ఒకరోజు గ్లవ్వు తెగి, వేలు తెగి, గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ఎర్రబడే దాకా ఆమెకు తెలియలేదు. ఇంకో ఏడాది అక్కడే ఉంటే వేళ్ళుండవు. అందుకని వృద్ధాశ్రమంలో నర్సు సహాయకురాలి పని కోసం ఆదివారాలు క్లాసులకు పోయి, చేతిపని పరీక్ష నెగ్గింది. రాతపరీక్ష మిగిలింది. శనివారం ఉదయం తొమ్మిదింటికి, కెమెరా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి, ఫోను పనికిరాదు. లైబ్రరీ శనివారం పదింటికి గానీ తెరవరు. తప్పితే మళ్ళీ ఫిబ్రవరిలోనే. ఆశ్రమం వాళ్ళు ఆమె కోసం ఒక ఖాళీ నవంబరు మొదటి వారం దాకా ఉంచుతామన్నారు, ఆ పైన ఉంచరు.

మంగళవారం ఆర్డిత్ తుడుపుకర్ర గోడకు ఆనించి పైపర్ గదిలోకి వెళ్ళింది.

"రండి రండి ఎడిత్ గారూ!"

"ఆర్డిత్."

"అవునవును. మీ క్లబ్బు గురించే మాట్లాడుతున్నాం. అద్భుతం!"

"ఒక్క పెట్టె ముందుగా ఇప్పించండి. కాండెలారియాకి శనివారం పొద్దున పరీక్షుంది. రెండ్రోజులు ఇంట్లో పెట్టుకుని అలవాటు పడుతుంది."

ఆయన జాలిగా నవ్వాడు. "ఎంత మంచి మనసండీ మీది! కానీ ఒకటి ముందే వెళ్ళిపోతే ఫొటోలో పదిహేడే ఉంటాయి. బ్యానరు మీద పద్దెనిమిదని వేయించాం కదా. శుక్రవారం రాత్రికి ఆమె చేతిలో ఉంటుంది, శనివారం పొద్దున రాసుకుంటుంది. ఇబ్బందేముంది?"

మాట వింటే ఇబ్బంది లేనట్టే ఉంది. ఆ గది తాళంచెవి ఆర్డిత్ నడుముకే వేలాడుతోంది. తెరిచి ఒకటి తెచ్చేస్తే ఎవడూ కనిపెట్టడు. కానీ ఇరవై తొమ్మిదేళ్ళలో బడి నుంచి పెన్సిలు ముక్క కూడా ఇంటికి తీసుకుపోని మనిషి, తుడుపుకర్ర తీసుకుని వెళ్ళిపోయింది. దాని గురించి తర్వాత తనని తానే ఎంత తిట్టుకుందో ఇక్కడ రాయలేను.

శుక్రవారం ఎముకలు కొరికే గాలి. మనవాళ్ళు ఇరవై ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఊరంతా చిల్లీ జుర్రుకుంటూ మెట్లమీద కూర్చుంది. విరామం రాగానే పద్దెనిమిది కుటుంబాల్ని మైదానంలోకి తోలారు. చలికోట్ల మీద ట్రాక్టర్ల షాపు పేరున్న పసుప్పచ్చ టీషర్టులు తొడిగించారు. కోటు మీద టీషర్టు! గడ్డిబొమ్మలకు కూడా అంతకంటే మర్యాదగా తొడుగుతాం. కాండెలారియా పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి ఒక కునుకు కూడా తీయలేదు. స్పర్శలేని చేతుల్లోంచి పెట్టె జారుతుంటే మోచేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది.

పైపర్ మైకు పట్టుకుని హెయిడిని ముందుకు లాగాడు. "ఈ అమ్మాయి స్వయంగా బాగుచేసిన కంప్యూటరు ఈ రోజు తన తల్లికే అందుతోంది! హెయిడీ, మీ కుటుంబానికి ఇది ఎంత విలువైనదో నీ మాటల్లో చెప్పు!"

"థాంక్యూ" అంది హెయిడి.

"ఇంకొంచెం! మీ భాషలో కూడా చెప్పు, మీ అమ్మకి అర్థమవుతుంది!"

హెయిడి మైకులో వాళ్ళ భాషలో ఏదో అంది. ఊరంతా చప్పట్లు కొట్టింది, ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. గేటు దగ్గర చెత్తడబ్బా పక్కన నిలబడ్డ ఆర్డిత్‌కు తర్వాత అడిగితే తెలిసింది, ఆ పిల్ల అన్నది ఇదీ: "మా అమ్మకి చలేస్తోంది, పాస్ కూడా వస్తోంది, దయచేసి మమ్మల్ని వదలండి."

ఇచ్చేవాడికి పుణ్యం కావాలి, సరే. పుచ్చుకునేవాడి సిగ్గు కూడా పళ్ళెంలో పెట్టి ఇవ్వాలా? ఆర్డిత్ చేతిలో ఉన్న చిల్లీ గిన్నె అలాగే చెత్తడబ్బాలో వేసింది. తినబుద్ధి కాలేదు.

ఎనిమిదిన్నరకు ఎదురింటి నుంచి హెయిడి పరిగెత్తుకొచ్చింది. పెట్టె తెరిచి ఆర్డిత్ వంటింటి బల్ల మీద పెట్టింది. ముందు ట్రాక్టర్ల షాపు బొమ్మ వచ్చింది. తర్వాత తెర ఎర్రబడి, ఒకే వాక్యం నిలిచింది: ఈ యంత్రం జిల్లా బడుల సొత్తు, ఆవరణ దాటింది, తాళం వేయబడింది.

"ఇదేమిటే? మీరు శుభ్రంగా చేసిచ్చారుగా?"

"చేశాం మిస్ ఆర్డిత్! బడి జాబితాలోంచి తీసేయించి, అన్నీ చెరిపేసి ఇచ్చాం. ఆ ట్రాక్టర్ బొమ్మ కనబడాలని ఆఫీసువాళ్ళు మళ్ళీ జాబితాలో ఎక్కించారు. బడి వైఫై దాటితే చచ్చిపోతాయి. మా ఒక్కళ్ళదే కాదు, అబ్షీర్‌కి అప్పుడే ఆరుగురు ఫోన్ చేశారు."

"మీరు విప్పలేరా?"

"ఆఫీసువాళ్ళే విప్పాలి." హెయిడి పెట్టె మూసేసింది. "అమ్మకి ఇంకా చెప్పలేదు. పుస్తకం ముందేసుకుని కూర్చుంది."

ఆర్డిత్ పైపర్‌కు ఫోను చేసింది. మోగి మోగి, "మీ సందేశం మాకెంతో ముఖ్యం" అంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే ముఖ్యం. బొమ్మ కోసం! ఒక ట్రాక్టరు బొమ్మ కోసం! మీటల కింద గోళ్ళు చూసింది, పాలపన్ను చూసింది, ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లల వాంతులెత్తింది. కానీ ఇంత రోత ఎక్కడా చూడలేదు.

"బడి లోపలయితే తెరుచుకుంటుందా?" అంది చివరికి.

"నా నంబరు కొడితే తెరుచుకుంటుంది."

"అయితే మీ అమ్మని ఏడున్నరకల్లా తయారుగా ఉండమను. ఆట మర్నాడు ఎలాగూ కడగడానికి పోతాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయి."

శనివారం ఎనిమిదికి ముగ్గురూ బడిలో ఉన్నారు. అసలు చిక్కు అప్పుడొచ్చింది. పరీక్ష రాసే గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, గోడల మీద కాగితం ఉండకూడదు, పక్కన వస్తువుండకూడదు, వేరే మనిషి గొంతు వినబడితే అక్కడితో పరీక్ష రద్దు. కెమెరాలోంచి ఎవరో కాపలా చూస్తుంటారు. బడిలో ప్రతి గోడా కాగితాలతో నిండిపోయి ఉంది. బోడిగోడలున్న చోటు ఒక్కటే, ఆర్డిత్ చీపుళ్ళ గది. గంటలో ఆమె బకెట్లు, చీపుళ్ళు, డబ్బాలు, తోపుడుబండి అన్నీ నడవాలోకి లాగి, తెల్లటి పలకల గోడలు నేల నుంచి కప్పు దాకా తుడిచేసింది. ఒక బల్ల, ఒక కుర్చీ వేసింది.

"దోన్యా ఆర్డిత్, ఇంత శుభ్రమైన గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు" అంది కాండెలారియా. పెద్దావిణ్ణి వాళ్ళు దోన్యా అనే పిలుస్తారు.

"గది సంగతి వదిలెయ్. మీటలు మెల్లగా నొక్కు, వేలు ఎక్కడుందో కళ్ళతో చూసుకుని మరీ నొక్కు."

తొమ్మిదింటికి తలుపు వేశారు. లోపల కాపలా మనిషి గొంతు సన్నగా వినబడింది. బల్ల కింద చూపించండి, తలుపు వెనక చూపించండి, ఆ గొట్టమేమిటి? నీళ్ళ గొట్టం మేడమ్. తర్వాత నిశ్శబ్దం. గంటన్నర పరీక్ష. హెయిడి నడవా చివర కిటికీ దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. ఆర్డిత్ సైగ చేసింది, నోట్లోంచి వేళ్ళు తియ్యమని.

పది కావడానికి పది నిమిషాలున్నాయనగా హెయిడి చప్పుడు కాకుండా పరిగెత్తుకొచ్చింది. "పైపర్! కారు దిగాడు! ఫోన్లో అరుస్తూ వస్తున్నాడు!"

రాత్రి వాడిన బ్యానరు కోసమే వచ్చుంటాడు, ఆ బ్యానర్లు పెట్టే గది చీపుళ్ళ గదికి ఆనుకునే ఉంది. ఆయన గొంతు సంగతి ఊరందరికీ తెలుసు, మైకు లేకపోయినా మైదానం చివరికి వినబడుతుంది. ఇక్కడికొచ్చి ఒక్క మాటన్నాడంటే కాండెలారియా పదకొండేళ్ళూ, మిగిలిన వేళ్ళూ ఆ మాటతో పోతాయి. బతిమాలితే? ఎందుకు, ఎవరు, ఎవరి అనుమతితో అని మొదలుపెడతాడు. అదంతా గొంతుతోనే చేస్తాడు మరి.

ఆర్డిత్ చూపు తోపుడుబండి మీద పడింది. అడుగు అరలో వాంతి పొడి డబ్బా.

మా దేశంలో బడికెళ్ళిన ఏ మనిషినైనా అడగండి, ఆ వాసన చెబుతాడు. తరగతిలో పిల్లాడు కక్కితే దాని మీద చల్లే గులాబిరంగు రంపపు పొట్టు. తియ్యటి పుదీనా వాసన, దాని అడుగున ఇంకో వాసన. వాంతి లేకపోయినా సరే, ఆ పొడి వాసన తగిలితే అరవయ్యేళ్ళవాడికి కూడా రెండో తరగతి గుర్తొచ్చి కడుపు తిప్పుతుంది. ఆర్డిత్ నడవా మలుపు దగ్గరికి చరచరా వెళ్ళి, పిడికిళ్ళతో అటూ ఇటూ వెదజల్లింది. అర డబ్బా ఖాళీ. నడుమ పసుపు బోర్డు పెట్టి, తుడుపుకర్ర పట్టుకుని నిలబడింది.

మలుపు తిరిగిన పైపర్ ఠక్కున ఆగాడు. ఫోను చెవి దగ్గరినుంచి దిగింది. "ఏమిటి ఇ..."

"నోరు తెరవకండి" అంది ఆర్డిత్ గుసగుసగా. "గాల్లో ఉంది. నోట్లోకి పోతుంది."

ఆయన టప్పున నోరు మూసుకుని, కోటు అంచు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మొహం తెల్లకాగితమయ్యింది. వేలితో అడిగాడు, ఎవరిది?

"రాత్రి చిల్లీ తిన్నవాళ్ళది. రెండు చోట్ల. ఆ బ్యానర్ గది వైపు ఇంకా చూడలేదు."

కళ్ళు పెద్దవయ్యాయి. ట్రాక్టర్ల షాపువాడి చిల్లీ కదా! దగ్గరకొచ్చి, కోటు చాటునుంచి సన్నగా అన్నాడు: "ఎవరికీ చెప్పకండి. పేపర్లో పడితే... మీరు చాలా గొప్ప పని చేస్తున్నారు ఎడిత్." అని, మునికాళ్ళ మీద, ఆ నల్ల బూట్లకు పొడి అంటకుండా ఎగురుకుంటూ వెనక్కి పోయాడు. బయట తలుపు మూసుకునే దాకా ఆర్డిత్ ఊపిరి తీయలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ కంపు ఆమెకు మొదటిసారి కమ్మగా తగిలింది.

పదిన్నరకు తలుపు తెరుచుకుంది. కాండెలారియా పెట్టె వాళ్ళవైపు తిప్పింది. నెగ్గింది. హెయిడి తల్లిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎందుకే ఈ కంపు?" అంది కాండెలారియా ముక్కు మూసుకుంటూ.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉండేది. కానీ మిగతా పదిహేడు ఇళ్ళలో పదిహేడు ఎర్ర తెరలున్నాయి. సోమవారం పొద్దున ఏడుగురు ఆఫీసుకు పెట్టెలు పట్టుకొచ్చారు. "చిన్న సాంకేతిక విషయం, ఒక కమిటీ వేస్తున్నాం" అని పంపేశారు. ఊరి పేపర్లో మాత్రం మొదటి పేజీ నిండా ఫొటో. చచ్చిన పెట్టెను పొట్టకు అదుముకున్న కాండెలారియా, ఆమె భుజం మీద పైపర్ చెయ్యి.

ఆ రోజే జిమ్‌లో పిల్లలందర్నీ కూర్చోబెట్టారు. ఫుట్‌బాల్ జట్టుకు ఓదార్పు అయ్యాక, పైపర్ మైకు తీసుకున్నాడు. మన మధ్య ఒక మౌన సేవకురాలున్నారు, సెలవు రోజున, ఎవరూ అడగకుండానే వచ్చి మన బడి శుభ్రత కాపాడారు, అంటూ ఆర్డిత్‌ను పిలిచాడు. చేతిలో ఒక ప్రశంసాపత్రం పెట్టాడు. ఎడిత్ కుచెరా అని ఉంది దానిమీద. దానితోపాటు చిల్లీ హోటల్లో ఒక భోజనం కూపను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ బడి ఆమెకిచ్చిన ఒకే ఒక్క గౌరవం, ఎవరూ కక్కని కక్కు ఎత్తినందుకు! వెనక వరసలో అబ్షీర్ నవ్వాపుకోలేక చొక్కా నోట్లో కుక్కుకున్నాడు.

"ఎడిత్ గారూ, ఈ గౌరవం మీకెంత విలువైనదో మీ మాటల్లో చెప్పండి!" అని పైపర్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

సరిగ్గా హెయిడిని అడిగినట్టే అడిగాడు. ఆర్డిత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా పేరు ఆర్డిత్. శనివారం ఎవరూ వాంతి చేసుకోలేదు. ఆ పొడి మిమ్మల్ని ఆపడానికి నేనే చల్లాను. ఆ చీపుళ్ళ గదిలో ఒకావిడ పరీక్ష రాస్తోంది. ఎందుకంటే మీరు ఊరందరి ముందు ఆవిడ చేతిలో పెట్టిన పెట్టె ఈ గోడ దాటితే తెరుచుకోదు. పద్దెనిమిదీ తెరుచుకోవు. ఈ పిల్లలు బాగానే చేసిచ్చారు. బొమ్మ కోసం మీరు పాడుచేశారు. పందులు కూడా పడుకునే చోటు పాడుచేసుకోవు. ఎప్పుడు విప్పుతారో ఈ మైకులోనే చెప్పండి, అందరం విందాం."

జిమ్ములో ఆరొందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. అన్నీ ముక్కు తుడుచుకోవడం రానివే. పైపర్ పళ్ళు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. "బుధవారానికి" అన్నాడు. బుధవారానికి విప్పారు కూడా.

బోర్డు వాళ్ళు నెలకొకసారే కూర్చుంటారు కాబట్టి ఆర్డిత్ జాబు నవంబరు మధ్యలో వచ్చింది. వాంతి లేని స్థలంలో, అనుమతి లేకుండా, వాంతి పొడి అర డబ్బా వినియోగించినందుకు మూడు రోజులు జీతం లేకుండా ఇంట్లో ఉండాలని. ఆ జాబులో ఆమె పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సరిగ్గా రాశారు.

ఆ మూడు రోజులూ పెద్దమనిషి లేరు కనుక క్లబ్బు గదికి తాళం పడింది. పిల్లలు ఊరుకుంటారా? పెట్టెలు సంచుల్లో వేసుకుని ఆర్డిత్ వంటింటికే తెచ్చారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, బ్రష్షు స్పిరిట్లో ముంచి మొదలుపెట్టింది. మొదటి మీట లేపగానే బంగారు రంగు పాకం, అందులో అతుక్కుని ఒక వెంట్రుక.

"ఛీ! థూ! వీడి తల్లిదండ్రుల్ని పిలవండ్రా ముందు!"

సాయంత్రం కాండెలారియా వచ్చింది. కాగితాల పనంతా తెమిలి, ఆశ్రమంలో ఆమెకది మొదటి రోజు. లేతనీలం దుస్తులు, వాటి ముందుభాగమంతా పెద్ద మరక. ఇల్లంతా వాసన కొట్టింది. ఆర్డిత్ ముక్కు మూసుకుని కుర్చీ వెనక్కి జరిపింది.

"ఇదేమిటి కాండె? ఎవడు కక్కాడు నీ మీద?"

"ఒక తాత. అన్నం తినిపిస్తుంటే మొత్తం కక్కాడు." కాండెలారియా ఆ మరక చూసుకుని నవ్వింది. "కోపం రాలేదు దోన్యా ఆర్డిత్. పదకొండేళ్ళు అక్కడ నా చేతికొచ్చినవన్నీ చచ్చినవే. ఈయన కక్కి, నా చెయ్యి పట్టుకుని సారీ చెప్పాడు."